అమెరికా జనరంజక పత్రికలు - స్త్రీమూర్తి పరిణామము

ఒక దేశమున స్త్రీలను గూర్చిన భావనలు కాలక్రమమున ఎట్లు మారినవో తెలిసికొనగోరు పరిశోధకునకు ఆ దేశపు జనరంజక పత్రికలు సులభముగ చేతికందు ఆధారము. సంచికలపై తేదీలున్నవి. కథలు, వ్యాసములు, బొమ్మలు, ప్రకటనలు, పాఠకుల లేఖలు ఒక్కచోట దొరకును. కావుననే "పత్రిక సమాజమునకు దర్పణము" అను మాట పరిశోధనవ్యాసముల ఉపోద్ఘాతములలో తరచుగ కనబడుచుండును. ఈ మాట ఎంతవరకు నిలుచునో అమెరికా సంయుక్త రాష్ట్రముల పత్రికలను ఆధారముగ గొని విచారింపవలెనని మా సంకల్పము. ఆ దేశమునే గ్రహించుటకు కారణమొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము వెలువడిన పత్రికలనే సాక్ష్యముగ చూపి 1963లో ఒక రచయిత్రి ఒక చరిత్రను చెప్పినది. 1993లో వేరొక చరిత్రకారిణి దానికి చాలవరకు విరుద్ధమైన చరిత్రను చెప్పినది. ఇరువురును సంచికలను శ్రద్ధతో చదివినవారే. అద్దమొక్కటియే యైనచో అందు రెండు ముఖములెట్లు కనబడినవి? దీనికి సమాధానము కావలెనన్నచో ముందుగా కొంత వెనుకకు పోవలసియున్నది.

లూయీ గోడీ 1830లో ఫిలడెల్ఫియా నగరమున 'గోడీస్ లేడీస్ బుక్' అను మాసపత్రికను స్థాపించెను. 1837 మొదలు 1877 వరకు, నలువది సంవత్సరములు, సారా జోసెఫా హేల్ దానికి సంపాదకురాలు. 1860 నాటికి ఆ పత్రికకు దాదాపు 1,50,000 మంది చందాదారులుండిరి. ఆనాటికి అది చాల పెద్ద సంఖ్య. వేషభూషల చిత్రములు అందలి ముఖ్యాకర్షణము. అవి లోహఫలకములపై చెక్కి అచ్చొత్తినవి. రంగులు మాత్రము ప్రతి ప్రతికిని చేతితో అద్దినవి. ఇంటిపట్టున నుండు కులస్త్రీ బొమ్మకు రంగులద్దినది కూలికి పనిచేయు స్త్రీ యనుట గమనింపదగినది.

బార్బరా వెల్టర్ అను చరిత్రకారిణి 1966లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసమున, 1820-1860 నడిమి కాలపు స్త్రీల పత్రికలను, కానుకపుస్తకములను, మతసాహిత్యమును పరిశీలించి, దైవభక్తి, శీలము, విధేయత, గృహనిష్ఠ అను నాలుగు గుణములు నిజమైన స్త్రీత్వమునకు లక్షణములుగ బోధింపబడినవని నిరూపించెను. ఆ వ్యాసము నేటికిని పఠనీయమే. అయినను అది బోధను గూర్చి చెప్పినంత నిశ్చయముగ జీవితమును గూర్చి చెప్పజాలదు. హేల్ చరిత్రనే చూడుడు. 1822లో భర్త మరణింపగా ఐదుగురు బిడ్డలతో మిగిలిన ఆ వితంతువు కలమును నమ్ముకొని సంసారమును ఈదెను; ఇల్లే స్త్రీకి రాజ్యమని ఇతర స్త్రీలకు బోధించుచు తాను కార్యాలయమున కూర్చుండి జీతమార్జించెను. స్త్రీలకు ఓటుహక్కు వలదనెను. కాని స్త్రీలకు కళాశాలలు కావలెననియు, వైద్యవిద్య కావలెననియు ఎడతెగక వ్రాసెను. బిడ్డలను పెంచవలసినది తల్లియే యైనప్పుడు ఆమె చదువురానిదై యుండుట తగునా యని ఆమె వాదము. దీనిని కపటమని కొందరందురు. మాకట్లు తోపదు. ఒక మూర్తి లోకమున బలముగ నాటుకొన్న తరువాత దానిని కాదనుటకంటె దానిచేతనే కొత్త కోర్కెను చెప్పించుట సులభమని ఆమె గ్రహించినట్లున్నది.

గోడీస్ పత్రిక ప్రధానముగ చందాల మీద నడచినది. తరువాతి తరమున పరిస్థితి మారెను. సైరస్ కర్టిస్ నడుపుచుండిన ఒక వ్యవసాయ పత్రికలో స్త్రీలకై ఒక శీర్షిక యుండెను. దానిని ఆయన భార్య లూయీసా న్యాప్ కర్టిస్ చేపట్టగా, అది పెరిగి 1883లో 'లేడీస్ హోమ్ జర్నల్' అను ప్రత్యేక పత్రికయయ్యెను. 1889లో ఎడ్వర్డ్ బాక్ సంపాదకుడై 1919 వరకు ఆ స్థానమునందుండెను. 1903లో దాని చందాదారుల సంఖ్య పది లక్షలకు చేరినది. అమెరికాలో అంతకు ముందు ఏ పత్రికయు ఆ సంఖ్యను ముట్టలేదు. ధర తక్కువ, కాగితము, అచ్చు, చిత్రములు మేలైనవి. ఈ రెంటికి నడుమగల లోటును పూరించినది ప్రకటనల రాబడి. తన పత్రిక స్త్రీల మేలుకొరకు వెలువడుచున్నదని సంపాదకుడు భావించును గాని, స్త్రీలు కొనెడి వస్తువులను తయారుచేయువారికి వారితో మాటలాడు అవకాశము కల్పించుటయే అసలు ప్రయోజనమని కర్టిస్ ప్రకటనకర్తలతో నిష్కపటముగ చెప్పినట్లు ప్రసిద్ధి. గోడీస్ పాఠకురాలు చదువరి. జర్నల్ పాఠకురాలు చదువరియే గాక కొనుగోలుదారు. సబ్బు, పిండి, పొయ్యి, కుట్టుయంత్రము ఎవరు కొందురో ఆమె బొమ్మయే ఇకమీద పత్రికకు ముఖ్యమయ్యెను.

బాక్‌ను కేవలము వర్తకుల మనిషిగ చిత్రించుట అన్యాయము. 1892లో ఆయన మోసపు ఔషధముల ప్రకటనలను తన పత్రికనుండి బహిష్కరించెను. ఆ మందుల మీద ఆయన సాగించిన పోరు 1906 నాటి ఆహారౌషధ శాసనమునకు తోడ్పడిన వానిలో నొకటి. కాని ఓటుహక్కు విషయమున ఆయన హేల్ మార్గముననే నడచెను. ఆయన ఆత్మకథ 1920లో వెలువడి మరుసటి యేడు పులిట్జర్ బహుమానమును పొందినది. తన్ను గూర్చి తాను ప్రథమపురుషమున వ్రాసికొనిన ఆ విచిత్రగ్రంథమున ఒక ముచ్చట కలదు. కన్నెపిల్లలకు హితవు చెప్పు శీర్షిక నొకదానిని ఆయన 'రూత్ ఆష్‌మోర్' అను స్త్రీనామముతో మొదట తానే వ్రాసెను. అంతట బాలికలు తమ రహస్యములను విన్నవించుకొనుచు ఆ పేరున లేఖలు పంపసాగిరి. అప్పటికి అవివాహితుడైన సంపాదకుడు భయపడి ఆ శీర్షికను ఒక స్త్రీకి అప్పగించెను. పుటలో స్త్రీకంఠము వినబడినంతమాత్రమున స్త్రీయే పలికినదని మనము నమ్మరాదనుటకు ఇంతకంటె తేటయైన నిదర్శనము దొరకదు.

ఇచ్చట పరిశోధకులకు ఒక హెచ్చరిక. అమెరికాలో పెక్కు గ్రంథాలయములు పత్రికలను సంపుటములుగ కుట్టించునప్పుడు ముఖపత్రములను, ప్రకటనల పుటలను చింపివేయుట వాడుకగ నుండెను. అవి సాహిత్యము కావనియు, సంపుటము బరువగుననియు వారి తలంపు. అట్టి సంపుటములను చదివినవారు పత్రికకు జీవనాధారమైన భాగమును చూడకయే పత్రికను చదివినట్లు తలంతురు. ఈ విషయము అమెరికాకు మాత్రమే పరిమితమైనది కాదు. స్త్రీల ఔషధమైన 'లోధ్ర'ను తయారుచేసిన కేసరిగారే 1928లో మద్రాసున 'గృహలక్ష్మి'ని స్థాపించిరి. ఆ పత్రికను పరిశీలించు మన విద్యార్థులును కథలతోపాటు ప్రకటనలను చూడక తప్పదు.

ముఖపత్ర చిత్రముల చరిత్ర మిక్కిలి ప్రసిద్ధము కావున ఇచ్చట క్లుప్తముగ చెప్పుదుము. 1890 తరువాత చార్లెస్ డానా గిబ్సన్ గీసిన యువతి పొడవరి, నిటారుగ నిలుచునది, పురుషుని సూటిగ చూచునది; ఆటలాడును, సైకిలు నెక్కును. అయినను ఆమె ఓటు నడుగుచున్నట్లు గాని జీతమునకు పనిచేయుచున్నట్లు గాని గిబ్సన్ గీయుట అరుదు. 1920లో రాజ్యాంగపు పందొమ్మిదవ సవరణ స్త్రీల ఓటుహక్కును స్థిరపరచినది. ఆ దశాబ్దమున ముఖపత్రముల నాక్రమించినది ఓటరు కాదు. జాన్ హెల్డ్ గీసిన, కురుచజుట్టుతో నాట్యమాడు సన్నని పిల్ల. హక్కు చేతికి వచ్చిన తరుణముననే మూర్తి వయస్సు తగ్గుట యాదృచ్ఛికమని మేము తలంపము. ఇదే కాలమున, 1919లో మొదలైన 'ట్రూ స్టోరీ' పత్రిక శ్రామికస్త్రీలకై తప్పు, కష్టము, పశ్చాత్తాపము అను వరుసలో సాగు కథలను ప్రకటించుచు ఇరువది లక్షలకు మించిన ప్రతులు అమ్మెను. అందలి నాయికలు దుకాణములలోను కర్మాగారములలోను పనిచేయువారు. 'అమెరికా స్త్రీ' అని ఏకవచనమున మాటలాడువారు ఈ పత్రికను తరచుగ మరచుచుందురు.

యుద్ధకాలము మన ప్రశ్నకు మరింత దగ్గరిది. 1942లో ఏర్పడిన ప్రభుత్వ యుద్ధసమాచార కార్యాలయమునందు పత్రికలకై ఒక శాఖ యుండెను. ఏ నెలలో ఏ విషయమునకు ప్రాధాన్యము కావలెనో సూచించు మార్గదర్శిని నొకదానిని అది సంపాదకులకు పంపుచుండెను. కథారచయితలకును సూచనలు వెళ్ళుచుండెను. 1943 సెప్టెంబరులో పనిచేయు స్త్రీల బొమ్మలను ముఖపత్రములపై వేయవలసినదిగ పత్రికలన్నింటిని కోరిరి. మారీన్ హనీ 1984లో ప్రకటించిన గ్రంథమున మధ్యతరగతివారి 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్'ను, శ్రామికస్త్రీల 'ట్రూ స్టోరీ'ని ప్రక్కప్రక్కన నిలిపి, ఈ సూచనలు కథలలోనికెట్లు దిగినవో చూపెను. నార్మన్ రాక్‌వెల్ గీసిన 'రోజీ' 1943 మే 29 నాటి పోస్ట్ ముఖపత్రముపై వెలువడినది. బలిష్ఠములైన భుజములు, ఒడిలో రివెట్లు బిగించు యంత్రము, చేతిలో రొట్టె, పాదము క్రింద హిట్లరు గ్రంథము; కూర్చుండిన తీరు మైకలాంజిలో చిత్రించిన యెషయా ప్రవక్తది. నేడు 'రోజీ' అనగానే లోకము తలచునది ఈ చిత్రము కాదు. ఎర్రని తలగుడ్డ కట్టి పిడికిలి బిగించిన మరియొక చిత్రము. అది జె. హోవర్డ్ మిల్లర్ ఒక విద్యుత్పరికరముల సంస్థకై వేసిన గోడపత్రము. 1943 ఫిబ్రవరిలో ఆ సంస్థవారి కర్మాగారములలో రెండు వారములపాటు ఉద్యోగులకు మాత్రమే కనబడినది. 1980 తరువాతనే అది జగత్ప్రసిద్ధమైనది. యుద్ధకాలపు స్త్రీలు చూడని చిత్రమును మనము యుద్ధకాలపు చిత్రముగ చెప్పుకొనుచున్నాము.

ఇక ఆరంభమున చెప్పిన వివాదము. బెటీ ఫ్రీడన్ 1957లో తన స్మిత్ కళాశాల సహాధ్యాయినులకు, పదునైదవ వార్షిక సమావేశ సందర్భమున, ఒక ప్రశ్నావళిని పంపెను. దాదాపు 200 మంది సమాధానమిచ్చిరి. ఆ సమాధానములలో కనబడిన అసంతృప్తిని గూర్చి ఆమె వ్రాసిన వ్యాసమును స్త్రీల పత్రికలు అంగీకరింపలేదు. ఒక పత్రిక దాని భావమునే తారుమారు చేయ యత్నించినదని ఆమె చెప్పుకొనెను. ఆ వ్యాసము పెరిగి 1963లో 'ది ఫెమినిన్ మిస్టీక్' అను గ్రంథమయ్యెను. అందొక ప్రకరణము పూర్తిగ పత్రికల కథలను గూర్చినది. 1939లో లేడీస్ హోమ్ జర్నల్, మెకాల్స్, గుడ్ హౌస్‌కీపింగ్, ఉమన్స్ హోమ్ కంపానియన్ పత్రికలలోని కథానాయికలు వృత్తులు గలవారు, తమ కాళ్ళపై నిలువగలవారు; 1949 ముగియునప్పటికి ముగ్గురిలో ఒక్కతె మాత్రమే ఉద్యోగిని, ఆమెయు ఉద్యోగమును త్యజించుచున్నదిగ చిత్రింపబడినది; 1958, 1959 సంచికలను వరుసగ తిరుగవేసినను వృత్తియందు నిష్ఠగల నాయిక ఒక్కతెయు కానరాలేదు. ఇది ఆమె లెక్క. యుద్ధమునుండి తిరిగివచ్చిన పురుషులు సంపాదకులును రచయితలునై తమ కలలలోని గృహిణిని చిత్రించిరనియు, ఇల్లు విడువని స్త్రీ ఎక్కువ వస్తువులు కొనునని వర్తకులు గ్రహించిరనియు ఆమె చూపిన కారణములు.

ముప్పది యేండ్లకు, 1993లో, జోవాన్ మేయరోవిట్జ్ ఈ నిర్ణయమును తిరిగి విచారణకు పెట్టెను. ఆమె 1946-1958 నడుమ ఎనిమిది పత్రికలలో వెలువడిన 489 కథేతరవ్యాసములను పరీక్షించెను. ఆ యెనిమిదింటిలో జర్నల్, కంపానియన్ వంటి స్త్రీల పత్రికలేగాక రీడర్స్ డైజెస్ట్, హార్పర్స్ వంటివియు, నల్లజాతివారి ఎబొనీ, నీగ్రో డైజెస్ట్‌లును కలవు. ఆ వ్యాసములలో ఇల్లాలి స్తుతి యున్నమాట నిజము. కాని దానితోపాటు రాజకీయములలోను, వృత్తులలోను, ప్రజాసేవలోను పేరుపొందిన స్త్రీల ప్రశంస అంతకు తక్కువకాకుండ కలదు. స్త్రీలు ఇంటిలోనే యుండవలెనని గట్టిగ వాదించిన వ్యాసములు బహుస్వల్పము.

ఎవరి మాట నిజము? మా ఉద్దేశమున ఇది తీర్పు చెప్పవలసిన వ్యాజ్యెము కాదు. ఎవరు ఏ పుటను తెరచిరో చూడవలసిన సంగతి. ఫ్రీడన్ ముఖ్యముగ కథలను చదివెను. మేయరోవిట్జ్ వ్యాసములను చదివెను. కథ కోర్కెను చెప్పును; జీవితకథనము ఘనతను చెప్పును. డొరొతీ థామ్సన్ అంతర్జాతీయ రాజకీయములను గూర్చి 1937 నుండి 1961 వరకు జర్నల్‌లోనే వ్రాయుచుండెను. ఎలినార్ రూజ్వెల్ట్ ప్రశ్నోత్తరముల శీర్షిక 1941లో జర్నల్‌లో మొదలై 1949లో మెకాల్స్‌కు మారి 1962 వరకు సాగినది. అనగా కథలో నాయిక ఉద్యోగము మానుచున్న సంచికలోనే కొన్ని పుటల దూరమున ఇట్టి స్త్రీల రచనలు అచ్చగుచుండినవి. ఫ్రీడన్ వీనిని ఎరుగనిది కాదు. తానును ఆ పత్రికలకు వ్రాసినదే. అంతేకాక, గ్రంథమున తన్ను తాను నగరోపాంతపు గృహిణిగ ఆమె చిత్రించుకొన్నను, అంతకు ముందు ఏండ్లతరబడి కార్మికసంఘ పత్రికలలో పనిచేసినదని డేనియల్ హొరొవిట్జ్ 1998లో సప్రమాణముగ చూపెను. మూర్తులను ఖండించిన గ్రంథమునకును తనదైన మూర్తి అవసరమయ్యెను.

ఐనను ఫ్రీడన్ పక్షమున ఒక మాట చెప్పవలెను. 1950లో అమెరికా వయోజనస్త్రీలలో శ్రామికశక్తియందున్నవారు నూటికి 33.9, 1960 నాటికి 37.7. కథలలో ఉద్యోగినులు మాయమగుచున్న దశాబ్దముననే జీవితమున ఉద్యోగినులు పెరిగిరి. కథలు జీవితమునకు దర్పణమే యైనచో ఇది పొసగదు. జీవితము నడచుచున్న దిక్కునుజూచి కలవరపడినవారికి కథలు ఊరటగ పనిచేసినవని మా యూహ. ఫ్రీడన్ వాదమునందలి నిజమైన లోపము వేరొకటి. ఆమె చెప్పిన స్త్రీ శ్వేతజాతి మధ్యతరగతి స్త్రీ. 1945 నవంబరులో జాన్ జాన్సన్ స్థాపించిన ఎబొనీలో న్యాయవాదినులు, వైద్యురాండ్రు, గాయనులు, తల్లులు ఒకే గౌరవముతో కనబడుదురు. ఏలయన ఆ సమాజమున స్త్రీ జీతమునకు పనిచేయుట కొత్తయు కాదు, వింతయు కాదు. పరుల ఇండ్లలో పనిచేసి వచ్చిన నల్లజాతి తల్లికి తన ఇంట తాను గృహిణియై యుండుట దాస్యముగ గాక స్వేచ్ఛగ తోచియుండవచ్చును. ఒకే బొమ్మ రెండిండ్లలో రెండు అర్థములనిచ్చునని ఫ్రీడన్ పట్టించుకొనలేదు.

పాఠకురాండ్రు మౌనముగ నుండిరా? అచ్చైన పుటలలోనే సమాధానము కలదు. జర్నల్ 1953లో 'ఈ దాంపత్యమును రక్షింపవచ్చునా?' అను అర్థమిచ్చు శీర్షికను మొదలుపెట్టెను. భార్య గోడు, భర్త గోడు, సలహాదారు మాట అను మూడు భాగములు. సలహా సామాన్యముగ సర్దుకొమ్మనియే. కాని భార్య గోడుకు ప్రతి నెలయు ఒక భాగము నిచ్చుటచే ఆనందగృహిణి మూర్తికి ఆ పత్రికయే ప్రతిసాక్ష్యమును అచ్చొత్తుచుండెను. 1960లో రెడ్‌బుక్ పత్రిక, పిన్నవయస్సు తల్లులు బోనులో చిక్కినట్లేల భావింతురో వ్రాయుడని పాఠకురాండ్రను కోరగా 24,000 లేఖలు వచ్చినవి. సంపాదకులకు తెలియకపోలేదు, తెలిసిన దానిని ఎంత చెప్పవలెననునదే వారి చిక్కు. 1963లో ఫ్రీడన్ గ్రంథభాగములను ముందుగ ప్రకటించినవి మెకాల్స్, లేడీస్ హోమ్ జర్నల్ పత్రికలే. తమ్ము నిందించు పుస్తకమును తామే అమ్మిపెట్టిన ఈ ఉదంతము పత్రికారంగపు స్వభావమును చక్కగ తెలుపుచున్నది.

1970 మార్చి 18న నూరుమందికి పైగా స్త్రీలు న్యూయార్కునందలి జర్నల్ కార్యాలయమున ప్రవేశించి, సంపాదకుడు జాన్ మాక్ కార్టర్ గదిలో పదునొకండు గంటలు బైఠాయించిరి. స్త్రీ సంపాదకురాలిగ నుండవలెననియు, శ్వేతేతర స్త్రీలను ఉద్యోగములలో చేర్చుకొనవలెననియు, ఉద్యోగినుల బిడ్డలకు శిశుసంరక్షణ ఏర్పాటు చేయవలెననియు, స్త్రీలను కించపరచు ప్రకటనలను మానవలెననియు, పైన చెప్పిన దాంపత్య శీర్షికను తొలగింపవలెననియు వారి కోర్కెలు. తుదకు లభించినది ఆ యేటి ఆగస్టు సంచికలో ఎనిమిది పుటలు. వేళాకోళము చేసినవారుండిరి. కాని కోర్కెలలో ప్రకటనలు చేరుట ముఖ్యవిషయము: ఉద్యమకారిణులు సంపాదకుని బల్ల దాటి, ఆ బల్లకు ఎవరి ధనము వచ్చుచున్నదో చూచిరి.

తరువాతి కథలో మా దృష్టి నాకర్షించునది ఇదియే. 'మిజ్' పత్రిక 1971 డిసెంబరులో న్యూయార్క్ పత్రికకు అనుబంధముగ తొలిసారి కనబడి, 1972 వసంతమున పరిచయసంచికగ వెలువడినది. ఆ సంచిక 3,00,000 ప్రతులు ఎనిమిది దినములలో చెల్లిపోయినవి. జూలైనుండి మాసపత్రికగ సాగినది. పాఠకురాండ్రు లేకపోలేదు. చిక్కు ప్రకటనకర్తలతో వచ్చినది. ఆహారపదార్థముల వర్తకులు తమ ప్రకటన ప్రక్కన వంటకములు కావలెననుటయు, సౌందర్యసాధనములవారు అలంకరణను గూర్చిన వ్యాసములు కావలెననుటయు స్త్రీల పత్రికలలో చిరకాలాచారము. మోటారుకార్లు, యంత్రములు అమ్మువారికి స్త్రీలు కొనుగోలుదారులని నమ్మకము కుదరలేదు. సోవియట్ దేశమునుండి వెడలగొట్టబడిన స్త్రీలను గూర్చిన వ్యాసము ముఖపత్రమున వెలువడగా, ఆ బొమ్మలోని స్త్రీలు ముఖమునకు రంగులు పూసికొనలేదని ఒక సౌందర్యసాధనముల సంస్థ తన ప్రకటనను నిలిపివేసినదని పత్రికాస్థాపకులలో నొకరైన గ్లోరియా స్టైనెమ్ వ్రాసెను. 1990లో మిజ్ ప్రకటనలను పూర్తిగ విడిచిపెట్టి పాఠకుల చందాల మీదనే నడచుటకు పూనుకొనినది. ప్రకటనకర్తలు స్త్రీల పత్రికలనెట్లు శాసించుచుందురో వివరించిన స్టైనెమ్ వ్యాసము ప్రకటనలు లేని ఆ తొలి సంచికలోనే వెలువడినది.